అజేయ అనని చిన్నాయన

మా చిన్నాయన సైన్యంలో ట్యాంకు నడిపేవారు. నాకు ఏడెనిమిదేళ్లున్నప్పుడు చిన్నాయన ఏం పని చేస్తాడని అడిగితే, అమ్మ ‘ట్యాంకులో పని చేస్తాడు నాయనా’ అని చెప్పింది. మాది పుత్తూరు దగ్గర పల్లె. నాకు తెలిసిన ట్యాంకు ఒక్కటే: రైలు స్టేషను పక్కన ఎత్తైన ఇనుప కాళ్ల మీద నిలబడి, అడుగున నాచు పట్టి, ఎప్పుడూ ఒక మూల నుంచి కారుతూ ఉండే నీళ్ల ట్యాంకు. ఎక్కడో రాజస్థాన్ ఎడారిలో అలాంటి ట్యాంకుకు నిచ్చెన వేసుకుని ఎక్కి, సిపాయిలందరికీ వేళకు నీళ్లు వదిలే ఉద్యోగం ఆయనదని రెండేళ్ల పాటు నమ్మాను. ఆ నమ్మకం పోయింది కూడా రైల్లోనే. తిరుపతి నుంచి మద్రాసు వెళ్లే బండి అరక్కోణం, తిరువళ్లూరు దాటి ఆవడి దగ్గర నెమ్మదించినప్పుడు, పక్క పట్టాల మీద చదునైన వ్యాగన్ల వరుస ఒకటి ఆగి ఉంది. ఒక్కో వ్యాగను మీద టార్పాలిన్ కప్పిన పెద్ద ఆకారం, ఆ గుడ్డ అంచులోంచి బయటికి చాచుకున్న పొడవైన గొట్టం, కింద ఇనుప పలకలు కూర్చిన చైను, అది కదలకుండా ముందూ వెనకా కొట్టిన కొయ్య దిమ్మెలు. సెలవుకు వచ్చి మాతో ప్రయాణం చేస్తున్న చిన్నాయన కిటికీలోంచి వేలు చూపించి, ‘అదిగో, మా బండి’ అన్నారు.

నా చిన్ననాటి పొరపాటు వెనుక ఒక పాత పథకం ఉందని చాలా ఏళ్ల తర్వాత చదివి తెలుసుకున్నాను. 1915లో ఇంగ్లండులోని లింకన్ పట్టణంలో ఈ యంత్రాన్ని మొదటిసారి తయారు చేస్తున్నప్పుడు, సంగతి బయటికి పొక్కకూడదని, ఇవి నీళ్లు మోసే బండ్లని చెప్పుకొచ్చారు. ‘ట్యాంక్’ అన్న మాటను కావాలని ఆ మరుగు కోసమే ఎంచుకున్నారు. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులోని సోమ్ యుద్ధరంగంలో ఆ యంత్రాలు బురదలోంచి కదిలి వచ్చాక దాచవలసిన రహస్యం లేకుండా పోయింది గానీ, మారుపేరు మాత్రం అసలు పేరై ప్రపంచమంతా పాకింది. మన రాయలసీమ చెరువులను కూడా రెవెన్యూ ఇంగ్లీషులో ట్యాంకులనే రాస్తారు కాబట్టి, వేరే దేశంలో వంద ఏళ్ల కిందట వేసిన ఆ ఎత్తు పుత్తూరు స్టేషనులో ఒక పిల్లవాడి మీద కూడా పారింది.

అప్పటి నుంచి యుద్ధ వాహనాల పేర్లు, విమానాల పేర్లు కనిపించిన చోటల్లా ఆగి చూడడం నాకు అలవాటైంది. బడిలో తెలుగు చెప్పే వాణ్ని కాబట్టి మాట మీద మమకారం సహజం. ఒక దేశం తన యుద్ధ యంత్రానికి పెట్టిన పేరు చూస్తే, ఎవరు వినాలని పెట్టిందో తెలిసిపోతుంది: శత్రువు విని బెదరాలనా, ప్రజలు విని పొంగాలనా, లేక లోపల కూర్చుని దాన్ని నడిపేవాడు నోరారా పలకాలనా. మన దేశం ఈ మూడో మనిషిని చాలా వరకు మరచిపోయిందనీ, ఆ మరుపులోనే తెలుగు లాంటి భాషలు కూడా పక్కకు పోయాయనీ నేను అనుకుంటున్నాను. ఈ వ్యాసం ఆ మాట చెప్పడానికే.

చిన్నాయన మొదట నడిపింది విజయంత. బ్రిటిష్ వారి నమూనా మీద ఆవడిలో తయారైన ట్యాంకు అది. లోపల నలుగురు ఉండేవారు. తర్వాత టీ-72 వచ్చింది. గుండును యంత్రమే నింపుకుంటుంది కాబట్టి అందులో ముగ్గురే. డ్రైవరు ముందు భాగంలో నడిమధ్య, కాళ్లు చాపుకుని వెనక్కి వాలి కూర్చుంటాడు. దీనికి మన సైన్యం పెట్టిన పేరు ‘అజేయ’, అంటే ఓడించడానికి వీలు కానిది. చిన్నాయన నోట ఆ మాట నేను ఒక్కసారి కూడా వినలేదు. ఎప్పుడూ ‘సెవెంటీటూ’ అనే వారు, లేదంటే ‘బండి’. ఎందుకని అడిగితే ఆయన తన ఎడమ అరచేతిలో బొటనవేలి కింద ఉన్న పాత మచ్చను రుద్దుకుంటూ ఇలా అన్నారు: ‘ఇసకలో చైను ఊడిపోతే రాత్రంతా సుత్తెలు పట్టుకుని ముగ్గురమూ దాన్ని మళ్లీ ఎక్కించేవాళ్లం. మా చేతుల్లో అట్లా దెబ్బలు తిని నిలబడే బండిని ఓడనిది అని ఎట్లా పిలిచేది నాయనా? అది బోర్డు మీద రాసే పేరు.’

బోర్డు మీద రాసే పేరుకూ నోటితో పిలిచే పేరుకూ ఉన్న ఈ ఎడం మన దగ్గరే కాదు, చాలా సైన్యాల్లో కనిపిస్తుంది. అమెరికా వైమానిక దళం ఏ-10 అనే విమానానికి ‘థండర్‌బోల్ట్’ అని, రెండో ప్రపంచ యుద్ధం నాటి ఒక విమానం పేరును మళ్లీ పెట్టింది. ముక్కులో పెద్ద ఫిరంగి ఇముడ్చుకుని, నేలకు దగ్గరగా ఎగిరే ఆ మొరటు రూపాన్ని చూసిన పైలట్లు దాన్ని ‘వార్ట్‌హాగ్’ అన్నారు, అంటే ఆఫ్రికా అడవి పంది. ఎఫ్-16కు కాగితం మీద పేరు ‘ఫైటింగ్ ఫాల్కన్’, పైలట్లకు ‘వైపర్’. వియత్నాం యుద్ధంలో ప్రపంచమంతా చూసిన హెలికాప్టరు అసలు పేరు ఇరొక్వాయ్ అయినా, దాని నమూనా అక్షరాలను కలిపి పలికిన సైనికుల నోట అది ‘హ్యూయీ’గా నిలిచిపోయింది. సోవియట్ యూనియన్‌లో 1941లో కొత్త రాకెట్ వాహనాలను ఎంత రహస్యంగా ఉంచారంటే నడిపేవారికి పిలుచుకోవడానికి పేరే లేదు. అప్పుడు అందరి నోటా ఉన్న ఒక ప్రేమ పాటలోని అమ్మాయి పేరు ‘కత్యూషా’ను సైనికులు దానికి పెట్టుకున్నారు. ఆ పేరే చరిత్రకెక్కింది.

సోవియట్ అధికారులు తమంతట తాము పేరు పెట్టినప్పుడు దారి వేరు. ట్యాంకులకు చాలా వరకు అంకెలే: టీ-34, టీ-55, టీ-72. విమానాలకు వాటిని రూపొందించిన వారి పేర్లలోని మొదటి అక్షరాలు: మికొయాన్, గురేవిచ్ కలిస్తే మిగ్, సుఖోయ్ అయితే ఎస్‌యూ. కానీ చైన్ల మీద కదిలే పెద్ద ఫిరంగుల దగ్గరికి వచ్చేసరికి పూలతోట తెరిచారు. 122 మిల్లీమీటర్ల ఫిరంగి ‘గ్వజ్దీకా’, అంటే కార్నేషన్ పువ్వు. 152 మిల్లీమీటర్లది ‘అకాత్సియా’, మన తుమ్మ జాతి చెట్టు. 203 మిల్లీమీటర్లది ‘పియోన్’ పువ్వు, 240 మిల్లీమీటర్ల మోర్టారు ‘త్యుల్పాన్’, అంటే తులిప్. ఈ పేర్లు వింటే ఆ యంత్రం ఏం చేస్తుందో ఊహించడానికి కూడా వీలుండదు; రహస్యానికి అది మేలే కావచ్చు. నాకు మాత్రం ఈ వరుస చదివినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. పూల మార్కెట్టుకు తెల్లవారుజామున బండ్లు వచ్చే ఊరిలో ఉండేవాణ్ని నేను. ఊళ్లను నేలమట్టం చేసేదానికి పువ్వు పేరు పెట్టడం ఆ పువ్వుకు చేసిన అన్యాయమనే నా అభిప్రాయం.

బ్రిటిష్ వారి పద్ధతి క్రమశిక్షణ గలది. వారి ట్యాంకులు చాలా వరకు ‘సి’ అక్షరంతో మొదలవుతాయి: క్రూసేడర్, చర్చిల్, క్రామ్‌వెల్, సెంచూరియన్, చీఫ్‌టెన్, ఛాలెంజర్. బరువైన బాంబర్లలో లాంకాస్టర్, హాలిఫాక్స్ వంటివి ఊళ్ల పేర్లు. ఫైటర్లలో హరికేన్, టైఫూన్, టెంపెస్ట్ అన్నీ గాలివానలే. ఫ్రెంచివారు కూడా గాలి వైపే మొగ్గారు: ఉరగాన్ అంటే పెనుతుపాను, రఫాల్ అంటే ఉన్నట్టుండి విసిరే గాలి. స్వీడన్ ట్యాంకుల పేర్లు ఉత్త అంకెలే అయినా వాటిని చదవడం తెలిస్తే అర్థముంటుంది. 103 అంటే పది సెంటీమీటర్ల ఫిరంగి ఉన్న మూడో రకం అని. జపాన్‌ది ఇంకో లెక్క. వారి చక్రవర్తుల శకంలో 2600వ సంవత్సరం, అంటే 1940లో, అంగీకరించిన నౌకాదళ ఫైటరుకు ఆ ఏటి చివరి అంకె సున్నా కాబట్టి ‘సున్నా రకం’ అన్నారు. అదే ‘జీరో’ అయింది. శత్రువులు దానికి ‘జీక్’ అని వేరే పేరు పెట్టుకున్నా, వారి సైనికులే ఎక్కువగా జీరో అన్నారు.

శత్రువు పెట్టే పేర్ల సంగతి కొంచెం ఆగి చూడదగ్గది. సోవియట్ విమానాల అసలు పేర్లు తెలియక, తెలిసినా పలకలేక, నాటో కూటమి తానే ఒక జాబితా తయారు చేసుకుంది. ఫైటరైతే ‘ఎఫ్’తో, బాంబరైతే ‘బి’తో, హెలికాప్టరైతే ‘హెచ్’తో మొదలు కావాలి. జెట్ విమానమైతే పేరు ‘ఫల్-క్రమ్’ అన్నట్టు నోట రెండు ముక్కలుగా పలకాలి, ప్రొపెల్లరైతే ఒకే ముక్కగా. అందుకే ప్రొపెల్లర్లున్న బాంబరు టీయూ-95 ‘బేర్’, జెట్ ఫైటరు మిగ్-29 ‘ఫల్‌క్రమ్’. రేడియోలో సగం మాటే వినిపించినా ఏ జాతి విమానం వస్తున్నదో తెలియాలన్నది అందులోని ఆలోచన. ఛందస్సు పాఠం చెప్పేటప్పుడు గణాన్ని చూసి పద్యాన్ని గుర్తుపట్టమని పిల్లలకు నేర్పిస్తాను. ఇది అదే తెలివి. పొగడ్తకు తావు లేకుండా, వినేవాడి చెవిని మాత్రమే దృష్టిలో పెట్టుకుని పెట్టిన ఈ పేర్లంటే నాకు గౌరవం ఉంది.

జర్మన్ల పేర్లలో నాకు నచ్చేది కూడా అలాంటిదే. పాంథర్, టైగర్, లెపర్డ్ అందరికీ తెలిసినవే. అవి కాక నక్క పేరు గల ‘ఫుక్స్’ ఉంది, ముంగిసను పోలిన చిన్న జంతువు పేరు గల ‘వీజెల్’ ఉంది. వీజెల్ నిజంగానే చిన్నది, చురుకైనది. హెలికాప్టరులో పట్టేంత వాహనం. పేరు విన్నవాడికి వస్తువు కళ్లకు కడుతుంది. తిరుపతి వైపు పెరిగినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. బ్రహ్మోత్సవాల్లో స్వామి ఏ పూట దేని మీద వస్తాడో మా వైపు చిన్న పిల్లలు కూడా చెబుతారు: పెద్దశేష, చిన్నశేష, హంస, సింహ, గరుడ, హనుమంత, గజ, అశ్వ. ఏడు పడగలు కనబడితే పెద్దశేషవాహనం, అయిదు పడగలైతే చిన్నశేషవాహనం. వాహనం రూపమే దాని పేరు. మన వైమానిక దళం మిగ్-25కు ‘గరుడ’ అని పెట్టినప్పుడు ఈ ఔచిత్యాన్ని అందుకుంది. ఇరవై కిలోమీటర్లకు మించిన ఎత్తులో ఎగురుతూ నేలను ఫొటోలు తీసే విమానానికి అంతకంటే తగిన పేరు లేదు. 1981 నుంచి 2006 దాకా అది ఆ పేరుతోనే ఎగిరింది. బరువులు మోసే ఐఎల్-76కు ‘గజరాజ్’ అన్నదీ అలాంటి మంచి పేరే.

అన్ని పేర్లకూ ఈ ఔచిత్యం పట్టలేదు. ‘నాట్’ అనే చిన్న ఫైటరును మనం బ్రిటన్ నుంచి తెచ్చుకుని బెంగళూరులో తయారు చేసుకున్నాం. నాట్ అంటే నుసుము, కంటి ముందు ఆడే చిన్న పురుగు. 1965 యుద్ధంలో ఆ నుసుములు తమకంటే పెద్దవైన పాకిస్తానీ సేబర్ జెట్లను కూల్చాయి. 1971 డిసెంబరు 14న శ్రీనగర్ మీదికి వచ్చిన సేబర్ల గుంపుతో ఒంటరిగా తలపడి ప్రాణమిచ్చిన నిర్మల్‌జీత్ సింగ్ సెఖోన్ నడిపింది కూడా నాట్‌నే. వైమానిక దళానికి ఇప్పటి వరకు వచ్చిన ఒకే ఒక్క పరమవీర చక్ర ఆయనది. ఇంత కీర్తి గడించిన విమానాన్ని మెరుగుపరచి కొత్త రకం చేసినప్పుడు, ఆ చిన్న పేరును వదిలేసి ‘అజీత్’ అన్నారు. మళ్లీ ఓడనిదే. ట్యాంకు అజేయ, విమానం అజీత్, అంతకు ముందు విజయంత, మిగ్-23లో ఒక రకానికి ‘విజయ్’. ఈ పేర్లలో ఏది ఏ యంత్రానిదో తారుమారు చేసినా ఎవరూ పట్టుకోలేరు, ఎందుకంటే ఏ పేరులోనూ ఆ యంత్రం కనిపించదు. గెలుపు మీది కోరిక ఒక్కటే కనిపిస్తుంది. ఇది కొత్త జబ్బు కూడా కాదు. 1687లో గోల్కొండను ముట్టడించిన ఔరంగజేబు ఫిరంగి పేరు ‘ఫతే రహబర్’, అంటే గెలుపుకు దారి చూపేది. అదే కోటలో ఉన్న మరో ఫిరంగి ‘అజ్దహా పైకర్’, కొండచిలువ లాంటి మహాసర్పపు ఒడలు గలది. రెండో పేరు విన్నాక ఆ ఫిరంగిని చూడాలనిపిస్తుంది. మొదటిది అలా పిలవదు.

మనుషుల పేర్లు పెట్టినప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. అమెరికా ట్యాంకులకు అంతర్యుద్ధం నాటి సేనాపతుల పేర్లు పెట్టే అలవాటును మొదలుపెట్టింది బ్రిటిష్ వారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఒకే ట్యాంకు, పైన అమెరికా టరెట్ (ఫిరంగితో పాటు తిరిగే తల) ఉంటే ‘లీ’, బ్రిటిష్ టరెట్ ఉంటే ‘గ్రాంట్’ అయింది. ఆ ఇద్దరూ ఒకరి మీద ఒకరు సేనలు నడిపినవారు. ఈ ముచ్చట చదివినప్పుడు నాకు ఆవడి గుర్తుకొచ్చింది. ‘అర్జున్’ ట్యాంకు అక్కడ తయారవుతుంది, రష్యా నమూనా టీ-90 కూడా అక్కడే ‘భీష్మ’ అనే పేరుతో తయారవుతుంది. కురుక్షేత్రంలో పదో రోజున తాతను అంపశయ్య మీదికి చేర్చినవి మనవడి బాణాలే. ఆ ఇద్దరి పేర్లు ఒకే కర్మాగారం నుంచి బయటికి వస్తున్నాయి. ఇది తప్పని నేననను. గెలుపూ ఓటమీ రెండూ ఒకే ఇంట్లో జరిగాయన్న భారతం ఆ పేర్లలో ఉంది కాబట్టి, అజేయ కంటే ఇవి వెయ్యి రెట్లు నయం. అదే టీ-90కి పుట్టినచోట దాని రూపకర్త వ్లదీమిర్ పోత్కిన్ జ్ఞాపకంగా ‘వ్లదీమిర్’ అని పేరు. ఇంజనీరు పేరును యంత్రానికి ఇవ్వడం మనమింకా నేర్చుకోవలసిన మర్యాద. అమెరికా సైన్యం తన హెలికాప్టర్లకు అపాచీ, చినూక్, బ్లాక్ హాక్, లకోటా అని అక్కడి తొలి జాతుల పేర్లు, వారి నాయకుల పేర్లు పెట్టుకుంది. లకోటా పెద్దలు తమ పేరు పెట్టుకున్న హెలికాప్టర్లను సంప్రదాయ పద్ధతిలో దీవించారు కూడా. అయినా ఓడించి నేల లాక్కున్నవారి పేరును ఆయుధానికి పెట్టుకోవడం నా మనసుకు ఎక్కదు.

పేరును తప్పుగా వింటే ఏమవుతుందో మన ఉపఖండమే చూసింది. 1983లో మొదలైన క్షిపణి పథకంలో పృథ్వి, అగ్ని, ఆకాశ్ అన్నవి పంచభూతాల్లో మూడు. ఆ పథకంలోని మిగిలిన రెండు క్షిపణులు త్రిశూల్, నాగ్. పృథ్విని పాకిస్తాన్‌లో పృథ్వీరాజ్ చౌహాన్‌గా అర్థం చేసుకున్నారనీ, అందుకే 1998 ఏప్రిల్‌లో పరీక్షించిన తమ క్షిపణికి, 1192లో అతణ్ని ఓడించిన ఘోరీ పేరు పెట్టుకున్నారనీ రెండు దేశాల్లోనూ చెప్పుకుంటారు. తర్వాత గజ్నవీ, అబ్దాలీ, బాబర్ వరుసగా వచ్చాయి.

ఇక నా అసలు ఫిర్యాదుకు వస్తాను. మన పథకంలోని ఆ అయిదు క్షిపణులు రూపుదిద్దుకున్నది హైదరాబాదులో. వాటి పేర్లన్నీ సంస్కృతం నుంచి వచ్చినవే కాబట్టి తెలుగువాడికి పరాయివి కావు. నూటికి నూరు పాళ్లు మనవే. కానీ మనం ఆకాశం అంటాం, త్రిశూలం అంటాం, ధనుస్సు అంటాం, తేజస్సు అంటాం, అర్జునుడు అంటాం. మన దగ్గరికి వచ్చేసరికి అవి ఆకాశ్, త్రిశూల్, ధనుష్, తేజస్, అర్జున్ అయి ఉంటాయి. మాట చివర అచ్చు నిలవడం తెలుగు స్వభావం. ఆ చివరను కోసేసి ఇంకో భాష అచ్చులో పోసిన పేరును పత్రికలు అలాగే అచ్చు వేస్తాయి, పరీక్షల్లో పిల్లలు అలాగే రాస్తారు. ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లవాడు బోర్డు మీద ‘ఆకాశం క్షిపణి’ అని రాస్తే, పక్కవాడు లేచి అది తప్పు సార్ అన్నాడు. నేను దిద్దలేదు. ఆ రాత్రి దాని గురించి చాలాసేపు ఆలోచించాను: సొంత భాషలో సరైన మాట రాసిన పిల్లవాడు తప్పు చేసినవాడు ఎలా అయ్యాడు?

అచ్చు పెడితే చాలదు, మాటలు కూడా అన్ని భాషల నుంచి రావాలి. నౌకాదళం ఈ పని చేసి చూపించింది. 1967లో సేవలోకి వచ్చిన మన మొదటి జలాంతర్గామి ‘కల్వరి’ పేరు మలయాళీ జాలరుల నోటిలోది, పులి సొర అని అర్థం. లోతున తిరిగే వేటగాడికి సరిగ్గా అతికిన పేరు. పేరు ఎంత బాగుందంటే 2017లో వచ్చిన కొత్త జలాంతర్గామికి మళ్లీ అదే పెట్టారు. గోదావరి పేరుతో ఒక యుద్ధనౌకల శ్రేణి వచ్చింది, విశాఖపట్నం పేరుతో మరొకటి. నేల మీద, ఆకాశంలో తిరిగే వాటి పేర్లలో ఇంత చోటు మన భాషలకు దొరకలేదు. పదాతి దళాన్ని మోసే బీఎంపీ-2ను మన ఎద్దుమైలారంలోనే, తెలుగు కార్మికుల చేతులతో తయారు చేస్తారు. ఆ కార్మికుల ఇళ్లలో రోజూ వాడే మాట ఒక్కటి దాని మీద ఉండి ఉంటే వారికి ఎలా ఉండేదో అని నాకనిపిస్తుంది.

మన దగ్గర మాటలు లేక కాదు. నిటారు గోడను కరుచుకుని ఎక్కే జీవికి ఉడుము అంటాం. ఉడుంపట్టు అన్న మాట వాడని తెలుగువాడు లేడు. గుట్టలెక్కే చైను వాహనానికి అంతకంటే ఏం పేరు కావాలి? గుంపుగా వచ్చి కుట్టే చిన్న డ్రోన్లకు కందిరీగ ఉంది. డేగ సంగతి చూడండి. ఇజ్రాయెల్ వారు ఎఫ్-15ను ‘బాజ్’ అన్నారు, మనం మిగ్-29ను ‘బాజ్’ అన్నాం, జపాన్ వారు తమ ఫైటరును ‘హయబుసా’ అన్నారు. అన్నీ వేట డేగలే. తిరుపతికి కూతవేటు దూరంలో చంద్రగిరి కోట నుంచి పాలించి, పదిహేనో శతాబ్దం చివర విజయనగర సింహాసనం ఎక్కిన నరసింహరాయల ఇంటిపేరు సాళువ. సాళువం అంటే వేటకు పెంచే డేగ.

పోయిన శీతాకాలం పిల్లలను చంద్రగిరి తీసుకెళ్లి రాజమహల్ ముందు గడ్డిలో కూర్చోబెట్టి ఈ మాట చెప్పాను. కొండ మీద నిజంగానే రెండు గద్దలు తిరుగుతున్నాయి. డేగకూ గద్దకూ తేడా ఏమిటని ఒక అమ్మాయి అడిగితే చెప్పడానికి కొంత సమయం పట్టింది. సాయంత్రం పుత్తూరు వెళ్లి చిన్నాయనతో ఇదంతా చెప్పాను. ఆయనకు ఇప్పుడు చెవులు మందగించాయి, ఇంజను మోత పక్కన గడిపిన ఏళ్ల ఫలితం. సాళువం అని నేను రెండుసార్లు గట్టిగా అన్నాను. ఆయన కళ్లు మూసుకుని, కుడిచేతిని పిడికిలిగా చేసి నోటి దగ్గర పెట్టుకుని, ఇంటర్‌కమ్‌లో పలికినట్టు ఒక్కో అక్షరాన్నీ విడదీసి, ‘సా-ళు-వం’ అన్నారు. కాసేపాగి మళ్లీ అన్నారు. ‘ఇంజను మోతలో కూడా వినిపిస్తాది నాయనా ఇది’ అన్నారు.